దిగుడుబావి మెట్లు, నారికురుపు కాళ్లు

2018లో భారతీయ రిజర్వు బ్యాంకు విడుదల చేసిన నూరు రూపాయల నోటును వెనుకకు తిప్పి చూస్తే గుజరాతులోని పాటణ్ పట్టణంలో ఉన్న 'రాణీ కీ వావ్' అనే మెట్లబావి చిత్రం కనిపిస్తుంది. సోలంకి వంశీయుడైన మొదటి భీమదేవుని స్మృత్యర్థం ఆయన రాణి ఉదయమతి 11వ శతాబ్దిలో దీనిని నిర్మింపజేసిందని ప్రసిద్ధి. 2014లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. అహమ్మదాబాదు సమీపంలో 1499లో పూర్తయిన అడాలజ్ వావ్, రాజస్థానులోని ఆభానేరిలో సుమారు 3,500 మెట్లతో పాతాళానికి నిచ్చెన వేసినట్లుండే చాంద్ బావడీ, మన వరంగల్లు కోట పరిసరాలలోని కాకతీయుల నాటి మెట్లబావులు ఇవన్నీ ఒకే నిర్మాణ సంప్రదాయపు విభిన్న రూపాలు. వీటిని గురించి ఇటీవలి దశాబ్దాలలో ఎన్నో వ్యాసాలు వెలువడ్డాయి. ఈ వ్యాసకర్త రాసినవీ వాటిలో కొన్ని ఉన్నాయి. అన్నింటిలోనూ శిల్పకళ ఉంది, రాణుల దాతృత్వం ఉంది, జలసంరక్షణలో మన పూర్వుల దూరదృష్టి ఉంది. ఆ మెట్లు దిగిన కాళ్లను గురించి మాత్రం ఒక్క వాక్యమూ కనిపించదు.

ఆ కాళ్లకు ఒక చరిత్ర ఉంది. అది గ్రామీణ భారతంలో శతాబ్దాల తరబడి రైతునూ, కూలినీ, నీళ్లు మోసే స్త్రీనీ ఏటా కొన్ని వారాలపాటు మంచాన పడవేసిన ఒక రోగపు చరిత్ర. ఆ రోగమే నారికురుపు.

కాలికి వచ్చే వ్యాధులలో మన దేశానికి పేరుపడినవి మరికొన్ని లేకపోలేదు. కోస్తా జిల్లాలలో ఇప్పటికీ కనిపించే బోదకాలును మన ప్రాచీన వైద్యులు శ్లీపదమన్నారు. దానికి కారణమైన సూక్ష్మక్రిములను మానవ రక్తంలో తొలిసారిగా 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే వైద్యుడు గుర్తించాడు. అరికాలిలో ముల్లు గుచ్చుకున్నచోట మొదలై ఏళ్ల తరబడి పాదాన్ని తినివేసే మరొక వ్యాధికి మదురై నగరం పేరిట 'మదురా పాదం' అన్న నామధేయమే స్థిరపడింది. ఈ రెండూ నేటికీ పూర్తిగా పోలేదు. నారికురుపు మాత్రం మన దేశం నుంచి సమూలంగా తొలగిపోయింది. అందుకు మందు కారణం కాదు, టీకా కారణం కాదు. ఆ రెండూ ఈ వ్యాధికి ఇప్పటికీ లేవు. బావి కట్టుబడి మారడమే ప్రధాన కారణాలలో ఒకటి. వాస్తుచరిత్రకూ వైద్యచరిత్రకూ ఇంత దగ్గర సంబంధం ఉన్న ఉదాహరణ మరొకటి ఈ వ్యాసకర్త ఎరుగడు.

ముందుగా రోగలక్షణాలను తెలుసుకోవడం అవసరం. కలుషితమైన నీటిని తాగిన మనిషికి సుమారు ఒక ఏడాదిపాటు ఏ బాధా తెలియదు. శరీరంలో ఆడపురుగు చర్మం కింది పొరలలో నెమ్మదిగా ప్రయాణిస్తూ పెరుగుతుంది. అది దారపు పోగంత సన్నం, పొడవు మాత్రం సుమారు ఒక మీటరు వరకు ఉంటుంది. ఏడాది నిండేసరికి అది బయటికి రావడానికి ఒక చోటును ఎంచుకుంటుంది. నూటికి ఎనభై, తొంభై మందిలో ఆ చోటు మోకాలి దిగువనే ఉంటుంది: పిక్క, చీలమండ, పాదం. మొదట దురద, తరువాత వాపు, ఆపైన ఒక బొబ్బ. ఆ బొబ్బ నిప్పు పెట్టినట్లు మండుతుంది. కాలిని చల్లని నీటిలో ముంచితే తప్ప ఉపశమనం ఉండదు. పురుగుకు కావలసినదీ అదే. నీరు తగలగానే బొబ్బ చిట్లి, పురుగు తల బయటపెట్టి వేలకువేల పిల్లలను నీటిలోకి విడుస్తుంది. వాటిని సైక్లాప్స్ అనే చిన్న నీటిపురుగు మింగుతుంది. నిలువ నీటిని వెలుతురులో పెట్టి చూస్తే తెల్లని చుక్కవలె ఎగిరెగిరి పడే జీవి ఇదే. ఆ సైక్లాప్సును నీటితోపాటు మరొకరు తాగుతారు. ఏడాది తరువాత వారి కాలికి బొబ్బ లేస్తుంది.

చికిత్స ఒక్కటే: పురుగు తలను ఒక పుల్లకు చుట్టి, రోజుకు రెండు మూడు అంగుళాల చొప్పున ఓపికగా బయటికి లాగడం. దీనికి వారాలు పడుతుంది. తొందరపడి లాగితే పురుగు తెగుతుంది. తెగిన ముక్క లోపలికి ముడుచుకొనిపోతే కాలంతా వాచి, చీముపట్టి, ఒక్కొక్కప్పుడు ధనుర్వాతానికి కూడా దారితీస్తుంది. కీలు దగ్గర తెగితే ఆ కీలు బిగుసుకొనిపోతుంది. చీలమండ వంగని మనిషి, మోకాలు చాపలేని మనిషి ఒకప్పుడు ఈ ప్రాంతాలలో అరుదైన దృశ్యం కాదు. ఒకసారి వచ్చినవారికి మళ్లీ రాదన్న భరోసా కూడా లేదు. ఇతర అంటువ్యాధుల వలె ఇది శరీరానికి రక్షణశక్తిని ఇచ్చి పోదు.

మన భాషలన్నీ ఈ పురుగుకు పెట్టిన పేర్లలో ఒక సామ్యం ఉంది. తెలుగులో నారికురుపు, కన్నడంలో నారుహుణ్ణు, మరాఠీలో నారూ, తమిళంలో నరంబు చిలంది. అన్నింటిలోనూ నారి, నారు, నరం అన్న భావమే కనిపిస్తుంది. పారశీకంలో దీనిని రిష్తా అన్నారు. ఆ మాటకు దారం అని అర్థం. సంస్కృత వైద్యగ్రంథాలలో స్నాయుకమన్న పేరుతో ఈ వ్యాధి ప్రస్తావన వృందుని సిద్ధయోగంలో కనిపిస్తుంది. ఈ గ్రంథం 9వ శతాబ్ది ప్రాంతానిదని పండితుల అభిప్రాయం. తరువాతి కాలపు భావప్రకాశం వంటి గ్రంథాలు దీనిని కొనసాగించాయి. 11వ శతాబ్ది తొలినాళ్లలో ఇబ్న్ సీనా దీనిని 'మదీనా నరం' అని వ్యవహరించాడు. నేటి శాస్త్రీయ నామంలో కూడా మదీనా నగరం పేరు నిలిచిపోయింది. అంతకు ఎంతో పూర్వం, క్రీస్తుపూర్వం 16వ శతాబ్దికి చెందిన ఈజిప్టు వైద్యపత్రంలో పుల్లకు చుట్టి తీసే పద్ధతి ఉన్నట్లు పరిశోధకులు భావిస్తున్నారు. పుల్లకు చుట్టుకున్న ఈ పురుగే వైద్యవృత్తి చిహ్నమైన కర్రకు చుట్టుకున్న పాముగా మారిందని కొందరంటారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, ఆధారాలు చాలవు.

ఇన్ని నాగరికతలు ఇన్ని శతాబ్దాలు ఈ వ్యాధిని చూశాయి, పేరు పెట్టాయి, పుల్లకు చుట్టాయి. అది ఎక్కడినుంచి వస్తున్నదో మాత్రం గుర్తించలేకపోయాయి. కారణం స్పష్టమే. తాగిన నీటికీ పుట్టిన పుండుకూ మధ్య ఏడాది ఎడం ఉన్నప్పుడు ఆ రెంటినీ ఎవరు కలిపి చూడగలరు?

ఈ వ్యాసకర్త స్వస్థలం రాయలసీమ. మా జేజి ఎడమ చీలమండ పైన పావలా బిళ్లంత మచ్చ ఒకటి ఉండేది. చర్మం అక్కడ మెరుస్తూ, ముడుతపడి, ఎముకకు అంటుకొనిపోయినట్లుండేది. బాల్యంలో అదేమిటని అడిగితే, "నారి తీసినారు నాయనా. నెలదినాలు పట్టె. సెనక్కాయ పీకే దినాలు, ఒక్క దినం గూడా చేనికి పోలేదు" అని చెప్పేది. పుండు నొప్పిని గురించి ఆమె ఎన్నడూ చెప్పలేదు. పోగొట్టుకున్న కూలిదినాలే ఆమెకు గుర్తుండిపోయాయి. చరిత్ర విద్యార్థిగా తరువాత ఎన్నో నివేదికలు చదివినప్పటికీ, ఈ వ్యాధి అసలు స్వరూపం ఆ మాటలోనే ఉన్నదని నా అభిప్రాయం. నారికురుపు మనిషిని సాధారణంగా చంపదు. పని ముమ్మరంగా ఉన్న రోజులలో కాలిని పట్టుకొని కూర్చోబెడుతుంది.

పుండుకూ నీటికీ ఉన్న సంబంధాన్ని శాస్త్రీయంగా తేల్చినవాడు రష్యన్ ప్రకృతిశాస్త్రజ్ఞుడు అలెక్సీ ఫెడ్చెంకో. 1870 ప్రాంతంలో తుర్కిస్తానులో పరిశోధిస్తూ ఆయన ఈ పురుగు పిల్లలు సైక్లాప్సు దేహంలో పెరగడాన్ని గమనించాడు. నీటిలోని కంటికి ఆనని జీవి ఒకటి మనిషికి వ్యాధిని చేరవేయగలదన్న ఆలోచనకే ఇది తొలి నిదర్శనాలలో ఒకటి. 20వ శతాబ్ది తొలి దశకంలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ లైపర్, మనిషి జీర్ణాశయంలోని ఆమ్లం సైక్లాప్సును చంపి లోపలి పిల్లపురుగును విడుదల చేస్తుందని నిరూపించాడు. ఆ తరువాత బొంబాయి ప్రయోగశాలలలోనూ దీనిపై కృషి జరిగింది. మనకు మరింత సమీపంలో, 1930లలో నాటి మైసూరు సంస్థానపు చిత్రదుర్గ జిల్లాలో వి. ఎన్. మూర్తి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషనుకు చెందిన డబ్ల్యు. సి. స్వీట్ కలిసి చేసిన పరిశోధనలు విశేషంగా పేర్కొనదగినవి. అనంతపురం జిల్లాకు పొరుగునే ఉన్న ఆ గ్రామాలలోని మెట్లబావులలో సైక్లాప్సును తినే చేపలను వదలి వారు ఫలితాలను పరిశీలించారు. బావిలో మందు కలపడం, బావిని పూడ్చడం కంటె చేపను వదలడం చవకైన మార్గం, జనానికి అభ్యంతరం లేని మార్గం.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఈ వ్యాధి మెట్లబావినే ఎందుకు ఆశ్రయించింది?

చేదబావికి గట్టు ఉంటుంది, గిలక ఉంటుంది, చేంతాడు ఉంటుంది. మనిషి గట్టు మీద నిలబడతాడు, కడవ మాత్రమే నీటిని తాకుతుంది. కాలిపుండు ఉన్నవారు నీళ్లు చేదుకున్నా పురుగుకు నీటిలోకి దారి లేదు. ప్రవహించే నదిలో సైక్లాప్సు నిలువదు. మెట్లబావి ఈ రెండింటికీ భిన్నం. వర్షాభావ ప్రాంతాలలో భూగర్భజలం ఋతువును బట్టి పైకి కిందికి మారుతుంటుంది కనుక, నీరు ఎక్కడ ఉంటే అక్కడికి మనిషి దిగి వెళ్లే ఏర్పాటు మెట్లబావి. ఆ నిర్మాణంలోని ప్రతిభ అదే, ప్రమాదమూ అదే. చివరి మెట్టు ఎప్పుడూ నీటిలోనే ఉంటుంది. కడవ ముంచాలంటే ఆ మెట్టు మీద పాదం పెట్టక తప్పదు. కాలికి బొబ్బ మండుతున్న స్త్రీకి ఆ చల్లని నీరు ప్రాణం లేచివచ్చినట్లుంటుంది. ఆమె రెండు క్షణాలు ఎక్కువగానే నిలబడుతుంది. వేసవిలో నీరు అడుగంటేకొద్దీ మిగిలిన కొద్దిపాటి నీటిలో సైక్లాప్సు చిక్కబడుతుంది. ఊరంతా ఆ నీటినే తాగుతుంది. ఏడాది తిరిగి మళ్లీ అదే ఋతువుకు పురుగులు బయటపడతాయి. ఇంత పకడ్బందీగా కాలాన్ని లెక్కవేసుకున్న రోగం మరొకటి ఉండదేమో.

నీళ్లు తెచ్చేది స్త్రీ. ఊరికి ఒకే బావి ఉన్నచోట రోగానికి అందరూ సమానమే. కులానికొక బావి ఉన్నచోట ఏ బావి నీరు తాగేవారికి ఆ బావి పురుగు. తోలుతిత్తిలో నీటిని వీపున మోసే భిస్తీలకు పురుగు వీపు మీదనే బయటపడేదని పాత వైద్యగ్రంథాలు పేర్కొన్నాయి. నీరు తగిలే చోటును పురుగు వెతుక్కుంటుందని ఆనాటి వైద్యులు దీనినిబట్టి ఊహించారు.

ఈ సందర్భంలో ఒక మాట స్పష్టం చేయాలి. పాటణ్ రాణీ వావ్ మీద ఈ నింద మోపడం న్యాయం కాదు. సరస్వతీ నది వరదలకు అది శతాబ్దాల క్రితమే ఒండ్రుమట్టితో పూడిపోయింది; భారత పురావస్తు శాఖ 20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో దానిని తవ్వి వెలికితీసింది. రోగాన్ని మోసినవి నోటు మీదికి ఎక్కిన బావులు కావు. ఊరి చివర, శాసనం లేని, శిల్పం లేని, నాలుగు రాళ్లు పేర్చి మెట్లు కట్టిన వేలాది మామూలు దిగుడుబావులు. చరిత్రకారులు వాటిని లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినవారు ఆరోగ్యశాఖ సిబ్బంది.

మెట్లు మూస్తే రోగం పోతుందని మనకంటె ముందు నిరూపించిన ప్రాంతం మధ్య ఆసియాలోని బుఖారా. ఆ నగరంలో 'హౌజ్' అనే మెట్లకొలనులే తాగునీటికి ఆధారం. 1920లలో సోవియట్ శాస్త్రజ్ఞుడు ఇసాయెవ్ నాయకత్వంలో ఆ కొలనులను ఎండగట్టి, నీటి సరఫరాను మార్చి, సుమారు దశాబ్ద కాలంలో రిష్తాను అక్కడ లేకుండా చేశారు. వ్యాధి మూలాన్ని ఫెడ్చెంకో కనుగొన్న తుర్కిస్తాన్ ప్రాంతంలోనే ఈ విజయం సాధ్యం కావడం గమనార్హం.

మన దేశంలో జాతీయ స్థాయి కార్యక్రమం 1983-84లో ఆరంభమైంది. ఐక్యరాజ్యసమితి 1981-1990ని అంతర్జాతీయ తాగునీటి దశాబ్దిగా ప్రకటించడం దీనికి నేపథ్యం. ఢిల్లీలోని జాతీయ అంటువ్యాధుల సంస్థ (నేటి జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం) దీనికి కేంద్రబిందువు. కార్యక్రమం మొదలైన 1984లో 7 రాష్ట్రాలలో, 89 జిల్లాలలో, 12,840 గ్రామాలలో సుమారు 40,000 మంది రోగులు నమోదయ్యారు. ఆ 7 రాష్ట్రాలలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, తమిళనాడు మిగిలినవి.

చేసిన పనులు చూడడానికి సామాన్యమైనవి. ఇంటింటికీ వెళ్లి రోగులను గాలించడం; పుండుకు కట్టు కట్టి, ఆ కాలితో నీటిలోకి దిగవద్దని ఒప్పించడం; నీటిని రెండు మడతల గుడ్డతో వడగట్టుకొమ్మని చెప్పడం; సైక్లాప్సును చంపే టెమిఫాస్ మందును బావిలో కలపడం; చేతిపంపులు వేయడం; అన్నింటికంటె ముఖ్యంగా, మెట్లబావిని మూసివేయడమో, మెట్లను కట్టివేసి గట్టు లేపి చేదబావిగా మార్చడమో. కాగితం మీద ఈ చివరి అంశం ఒక పద్దు మాత్రమే. గ్రామంలో అది తరతరాల అలవాటును, ఒక్కొక్కచోట దైవభావాన్ని, ఎవరు ఎక్కడ నీరు ముంచుకోవాలన్న కట్టుబాటును కదిలించే పని. తాతల నాటి బావిలో మందు పోయనివ్వని ఊళ్లను, మెట్లు మూస్తే పశువులకు నీరెట్లా అని అడిగే రైతును ఆ సిబ్బంది ఓర్పుతో ఒప్పించవలసివచ్చింది. నీరు వడగట్టడం ఒప్పించడానికి కొన్నిచోట్ల ఉపన్యాసాల కంటె ఒక గాజుగ్లాసే ఎక్కువ పనిచేసింది. బావి నీటిని అందులో పోసి సూర్యుని వైపు ఎత్తి చూపితే తెల్లని చుక్కలు కదలడం ఎవరికైనా కనిపిస్తుంది.

దక్షిణ రాజస్థానులోని గిరిజన జిల్లాలైన బాంస్వాడా, డూంగర్‌పూర్, ఉదయపూర్లలో యూనిసెఫ్, స్వీడన్ ప్రభుత్వ సంస్థల సహకారంతో 1980ల మధ్యకాలం నుంచి 'స్వచ్' అనే పథకం నడిచింది. మెట్లబావులను మార్చడంతోపాటు, చేతిపంపుల మరమ్మతులో గ్రామీణ స్త్రీలకే శిక్షణ ఇవ్వడం ఈ పథకపు విశిష్టత. అదే ప్రాంతంలో, పురుగు ఇంకా బయటపడక ముందే చర్మం మీద చిన్న గంటు పెట్టి దానిని చుట్టచుట్టగా బయటికి తీసే నేర్పును ఒక ఆయుర్వేద వైద్యుడు అభివృద్ధి చేయగా, ఆధునిక వైద్యులు దానిని పరిశీలించి అంగీకరించారు. వారాలు పట్టే బాధ నిమిషాలలో తీరింది. వృందుని కాలం నాటి స్నాయుకానికి ఆ పరంపరలోని వైద్యుడే చివరి చికిత్స చేయడం నన్ను ఆకర్షించిన విషయం.

సంఖ్యలు ఏటేటా పడిపోయాయి. 1995 నాటికి దేశం మొత్తం మీద రోగులు 60 మంది. 1996లో 9 మంది. ఆ సంవత్సరం జూలైలో రాజస్థానులోని జోధ్‌పూర్ జిల్లాలో నమోదైనదే భారతదేశపు చివరి కేసు. ఆ తరువాత కూడా మూడేళ్లపాటు గాలింపు ఆగలేదు. రోగిని చూపినవారికి నగదు బహుమతి ప్రకటించారు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ మన దేశాన్ని నారికురుపు రహిత దేశంగా ధ్రువీకరించింది. పొరుగున పాకిస్థాన్ అంతకు ముందే, 1993లో, తన చివరి రోగిని చూసింది. 1980ల మధ్యలో ప్రపంచంలో ఏటా సుమారు 35 లక్షల మందిని పీడించిన ఈ వ్యాధి 2024లో 15 మందికి మాత్రమే సోకింది. అందరూ ఆఫ్రికా ఖండంవారే.

మెట్లబావుల పతనాన్ని గురించి మనం రాసేటప్పుడు సాధారణంగా చెప్పే కారణాలు మూడు: పరాయి పాలకుల అనాదరణ, గొట్టపు బావుల రాక, ప్రజల ఉదాసీనత. ఈ మూడింటిలోనూ నిజముంది. వలసపాలన కాలపు ఆరోగ్యాధికారులు మెట్లబావిని రోగనిలయమని నిరసించిన మాట వాస్తవమే. ఆ నిరసనను దేశీయ సంస్కృతిపై చిన్నచూపుగానే నేనూ చాలాకాలం భావించాను. అది పూర్తిగా సరికాదని ఇప్పుడు ఒప్పుకోవలసి ఉంది. స్వతంత్ర భారతం తన ప్రజల కాళ్లను కాపాడుకోవడానికి తన బావులను తానే మూసుకున్నది. ఇది నాల్గవ కారణం. వారసత్వ పరిరక్షణ నివేదికలలో దీనికి చోటు దొరకడం లేదు. 12,840 గ్రామాలలో ఎన్ని బావులను మార్చారో, ఏ బావికి ఎన్ని మెట్లు ఉండేవో, ఎవరు కట్టించారో తెలిపే రిజిస్టర్లు జిల్లా ఆరోగ్య కార్యాలయాల బీరువాలలో ఉండవలసినవి. పాత కాగితాలకు గడువు తీరగానే చెత్తకింద జమకట్టడం మా కార్యాలయాల రివాజు. అందులో నేనూ సంతకాలు పెట్టినవాడినే. దేశంలోని అతి మామూలు దిగుడుబావుల సమగ్ర జాబితా ఒకటంటూ ఎప్పుడైనా తయారై ఉంటే అది పురావస్తు శాఖది కాక ఈ నారికురుపు కార్యక్రమానిదే అయి ఉంటుంది. మిగిలినంతవరకు వాటిని రాష్ట్ర అభిలేఖాగారాలకు తరలించడం ఇప్పటికీ సాధ్యమే.

ఇటీవలి సంవత్సరాలలో మెట్లబావుల పునరుద్ధరణ ముమ్మరంగా సాగుతున్నది. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట బావిని పూడిక తీసి 2022లో ప్రజలకు తెరిచారు. పురుగు దేశంలో లేదు కనుక ఆ మెట్లు దిగడానికి నేడు భయపడవలసిన పని లేదు. జోధ్‌పూర్ నగరం నడిబొడ్డున 1740లలో నిర్మించిన తూర్‌జీ కా ఝాలరా అనే మెట్లబావిని కూడా శుభ్రపరచి నీటితో నింపారు. చివరి కేసు నమోదైన జిల్లాకు అదే ముఖ్యపట్టణం. వేసవి సాయంకాలాలలో అక్కడి కుర్రవాళ్లు పైమెట్ల గోడల మీదినుంచి ఆ నీటిలోకి దూకుతుంటారు. యాత్రికులు చివరి మెట్టు మీద కూర్చొని, చెప్పులు విడిచి, కాళ్లు నీటిలో పెట్టుకొని చూస్తుంటారు.